మెసీన్ గుట్ట మీద కలిసినవారు ఊరికొచ్చాక ఎందుకు విడిపోయారు?

పరస్పరం పడని రెండు వర్గాల యువకులను ఒకే సైన్యంలో చేర్చి, ఒకే శత్రువు ముందు నిలబెడితే వారి మధ్య పాత కక్షలు కరిగిపోతాయన్న నమ్మకం చాలా దేశాల్లో ఉంది. నిర్బంధ సైనిక సేవ గురించి చర్చ వచ్చినప్పుడల్లా, అంతర్యుద్ధం ముగిసిన దేశం కొత్త సైన్యాన్ని కూర్చుకునేటప్పుడల్లా ఈ వాదన ముందుకొస్తుంది. ఊళ్ళో లేని ఐక్యత బారకాసుల్లో పుట్టదని, సమాజంలో ఉన్న చీలికలే యూనిఫాం వేసుకుని సైన్యంలోకి నడిచివస్తాయని చెప్పే ఎదుటి వాదన కూడా అంతే పాతది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఐర్లండ్ సైనికుల అనుభవం ఈ రెండు వాదనలకూ గట్టి పరీక్ష. 1914 వేసవిలో ఒకరిపై ఒకరు తుపాకులు ఎత్తడానికి సిద్ధపడ్డ రెండు సాయుధ దళాల మనుషులు, మూడేళ్ళు తిరగకుండానే బెల్జియంలో పక్కపక్కన నిలబడి మెసీన్ అనే ఒకే గుట్టను గెలుచుకున్నారు. ఆ తర్వాత ఐదేళ్ళలోపే వారి దేశం రెండు ముక్కలైంది.

సంక్షిప్తంగా

సొంత శాసనసభ కోరిన ఐరిష్ జాతీయవాదులూ, బ్రిటన్‌తోనే కలిసి ఉండాలన్న ఉల్‌స్టర్ యూనియనిస్టులూ బ్రిటిష్ సైన్యంలో చేరింది ఒకే శత్రువుతో పోరాడటానికే అయినా, ఆ సేవకు ప్రతిఫలంగా ఆశించినవి పరస్పర విరుద్ధమైన రాజకీయ ఫలితాలు. యుద్ధరంగంలో ఏర్పడిన గౌరవం, స్నేహం నిజమైనవే. కానీ సైనికులు కందకాల్లో ఉన్న కాలంలోనే ఇంటి దగ్గర రాజకీయం పూర్తిగా మారిపోయింది. ఆ స్నేహాన్ని ఊళ్ళలో నిలబెట్టే సంస్థ గానీ, పార్టీ గానీ, ప్రభుత్వం గానీ లేకపోవడం వల్ల అది వ్యక్తుల జ్ఞాపకంగా మిగిలింది తప్ప రాజకీయ శక్తిగా మారలేదు.

యుద్ధానికి ముందు: రెండు ప్రైవేటు సైన్యాలు

20వ శతాబ్దం మొదట్లో ఐర్లండ్ మొత్తం బ్రిటన్ పాలనలోనే ఉండేది. జనాభాలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది కాథలిక్కులు. వారిలో అత్యధికులు డబ్లిన్‌లో సొంత శాసనసభ, అంటే హోం రూల్, కావాలన్నవారు. ఈశాన్యాన ఉల్‌స్టర్ ప్రాంతంలో గట్టిగా నాటుకుని ఉన్న ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది యూనియనిస్టులు. బ్రిటన్‌తో బంధం తెగితే తమ మతానికీ, పరిశ్రమలకూ, ఉద్యోగాలకూ రక్షణ ఉండదన్నది వారి భయం. ఇక్కడ మతం పేరుతో కనిపించే చీలికలో భూమి, నౌకాశ్రయాల ఉపాధి, స్థానిక పదవులు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఎవరు ఏ బడిలో చదివారో, ఏ వీధిలో ఉంటారో తెలిస్తే వారి రాజకీయం తెలిసిపోయే పరిస్థితి అది.

1912లో మూడో హోం రూల్ బిల్లు రాగానే ఈ చీలిక ఆయుధాల దాకా వెళ్ళింది. ఆ ఏడాది సెప్టెంబర్ 28న, స్త్రీ పురుషులు కలిపి సుమారు 4.7 లక్షల మంది ఆ బిల్లును అడ్డుకుంటామని ప్రతిజ్ఞా పత్రాలపై సంతకాలు చేశారు. 1913 జనవరిలో ఉల్‌స్టర్ వాలంటీర్ ఫోర్స్ ఏర్పడింది. దానికి పోటీగా అదే ఏడాది నవంబర్‌లో జాతీయవాదులు ఐరిష్ వాలంటీర్లను నిలబెట్టారు. 1914 ఏప్రిల్‌లో యూనియనిస్టులు లార్న్ రేవులో సుమారు 25,000 తుపాకులను దొంగచాటుగా దింపుకున్నారు. జూలైలో జాతీయవాదులు డబ్లిన్ దగ్గరి హౌత్‌లో 900 తుపాకులు దింపుకున్నారు. ఈ రెండింటికీ ముందే, మార్చిలో, ఉల్‌స్టర్ మీదికి సైన్యాన్ని పంపాల్సివస్తే తాము వెళ్ళబోమని కర్రా శిబిరంలోని బ్రిటిష్ అధికారులు తేల్చిచెప్పిన సంగతి కూడా జాతీయవాదుల మనసుల్లో ముల్లులా దిగింది. రాజభవనంలో జరిపిన రాజీ చర్చలు జూలై 24న విఫలమయ్యాయి. అప్పటికి ఐర్లండ్‌లో అంతర్యుద్ధం తప్పదనే అందరూ అనుకుంటున్నారు. పదకొండు రోజుల తర్వాత, ఆగస్టు 4న, బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించింది.

ఒకే సైన్యం, రెండు లెక్కలు

యూనియనిస్టుల నాయకుడు ఎడ్వర్డ్ కార్సన్ తన వాలంటీర్లను సైన్యానికి అప్పగించడం వెనుక లెక్క స్పష్టం: బ్రిటన్ ఆపదలో ఉన్నప్పుడు ఉల్‌స్టర్ రక్తం ధారపోస్తే, రేపు ఆ ఉల్‌స్టర్‌ను హోం రూల్ కిందికి నెట్టే ధైర్యం ఏ ప్రభుత్వానికీ ఉండదు. జాతీయవాదుల నాయకుడు జాన్ రెడ్‌మండ్ లెక్క దానికి తలకిందులు. హోం రూల్ చట్టానికి 1914 సెప్టెంబర్ 18న రాజముద్ర పడింది, కానీ అమలు యుద్ధం ముగిసేదాకా వాయిదా పడింది. రెండు రోజుల తర్వాత వుడెన్‌బ్రిడ్జ్ అనే చోట రెడ్‌మండ్ వాలంటీర్లను యుద్ధానికి వెళ్ళమని పిలుపునిచ్చాడు. చిన్న దేశమైన బెల్జియం కోసం ఐర్లండ్ పోరాడితే ఇచ్చిన మాట తప్పడం బ్రిటన్‌కు సాధ్యం కాదని, పైగా ఒకే కందకంలో నిలిచిన ఉల్‌స్టర్ వారూ దక్షిణాది వారూ తిరిగొచ్చాక ఒకే శాసనసభలో కూర్చోగలరని ఆయన ఆశ. ఆ పిలుపుతో వాలంటీర్లు చీలిపోయారు. పెద్ద వర్గం రెడ్‌మండ్ వెంట నిలిచింది. యుద్ధాన్ని వ్యతిరేకించిన చిన్న వర్గం ఐర్లండ్‌లోనే ఉండిపోయింది. తర్వాతి చరిత్రను రాసింది ఆ చిన్న వర్గమే.

వేర్వేరు కారణాలతో చేరినవారిని సైన్యం కూడా వేర్వేరుగానే కూర్చింది. ఉల్‌స్టర్ వాలంటీర్లలో నుంచి పుట్టింది 36వ (ఉల్‌స్టర్) డివిజన్. డివిజన్ అంటే చాలా బెటాలియన్లు కలిసిన పెద్ద సైనిక విభాగం. వాలంటీర్ దళంలోని ఊరూరి పటాలాలే దాదాపు యథాతథంగా బెటాలియన్లయ్యాయి, పాత అధికారులే కొత్త యూనిఫాంలు వేసుకున్నారు. రెడ్‌మండ్ అనుచరులు ఎక్కువగా చేరింది 16వ ఐరిష్ డివిజన్‌లో. వారికి తమవారైన అధికారులు గానీ, తమ గుర్తులు గానీ అంత తేలిగ్గా దక్కలేదు. సైనికులు కాథలిక్కులైనా మొదట్లో అధికారుల్లో అత్యధికులు ప్రొటెస్టెంట్లే. లండన్ యుద్ధ కార్యాలయం చూపిన ఈ తేడాను జాతీయవాదులు మరిచిపోలేదు. ఏ రాజకీయ ముద్రా లేని 10వ ఐరిష్ డివిజన్ ఈ రెండింటికన్నా ముందే ఏర్పడి 1915లో గలిపోలీకి వెళ్ళింది. అక్కడ రెండు మతాల వారూ ఒకే డివిజన్‌లో పనిచేశారు.

బెల్‌ఫాస్ట్ నగరాన్ని చూస్తే ఈ విభజన ఎంత దగ్గరగా నడిచిందో తెలుస్తుంది. షాంకిల్ రోడ్డు ప్రొటెస్టెంట్ కార్మికులు 36వ డివిజన్‌లోని రాయల్ ఐరిష్ రైఫిల్స్ 9వ బెటాలియన్‌లో చేరారు. దానికి పశ్చిమ బెల్‌ఫాస్ట్ బెటాలియన్ అనే పేరు. షాంకిల్‌కు సమాంతరంగా, నడిచివెళ్ళే దూరంలో ఉన్న ఫాల్స్ రోడ్డు కాథలిక్కులు వందల సంఖ్యలో 16వ డివిజన్‌లోని కన్నాట్ రేంజర్స్ 6వ బెటాలియన్‌లో చేరారు. వారిలో చాలామందికి మరో వీధి మనుషులతో మామూలుగా మాట్లాడే అవకాశం పుట్టి పెరిగిన ఊళ్ళో దొరకలేదు. అది దొరికింది బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో.

ఈ దళాల్లో కొన్నింటికి తెలుగు నేలతో ఉన్న పాత బంధం ఒకటి ఇక్కడ చెప్పుకోదగ్గది. 16వ డివిజన్‌కు బెటాలియన్లు ఇచ్చిన రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్, రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ అనే రెజిమెంట్లు నిజానికి ఈస్టిండియా కంపెనీ మద్రాసు, బెంగాల్ యూరోపియన్ పటాలాల వారసులు. 1758లో పిఠాపురం సమీపంలోని చందుర్తి దగ్గర ఫ్రెంచివారిపై జరిగిన యుద్ధం వారి యుద్ధ గౌరవాల జాబితాలో ‘కొండూర్’ పేరుతో ఉంది. మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ జాబితాలో మచిలీపట్నం కూడా ఉంది.

కందకాల్లో మారినదేమిటి

మొదట్లో రెండు డివిజన్లూ ఒకదాని నష్టం ఒకటి ఎరగకుండా విడివిడిగానే నలిగిపోయాయి. 1916 ఏప్రిల్ చివర్లో, డబ్లిన్‌లో బ్రిటిష్ పాలనపై ఈస్టర్ తిరుగుబాటు నడుస్తున్న వారంలోనే, ఫ్రాన్స్‌లోని హూలుక్ వద్ద 16వ డివిజన్ మీద జర్మన్లు విషవాయువు వదిలారు. 500 మందికి పైగా చనిపోయారు. ఆ వెంటనే జర్మన్లు తమ కందకాల ముందు బోర్డులు పెట్టారు: ఐర్లండ్‌లో ఇంగ్లీషు ఫిరంగులు మీ భార్యాబిడ్డలను కాలుస్తున్నాయన్నది వాటి సారాంశం. మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ సైనికులు ఆ బోర్డులను తర్వాత స్వాధీనం చేసుకున్నారు. అయినా ఆ మాటల వెనుక ఉన్న వార్త నిజమైనదే. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పేవారు కందకాల్లో ఎవరూ లేరు.

1916 జూలై 1న సొమ్ యుద్ధం తొలిరోజున 36వ డివిజన్ తియెప్‌వాల్ దగ్గర జర్మన్ రక్షణ వరుసల్లోకి చొచ్చుకుపోయి, పక్క దళాలు ముందుకు రాలేకపోవడంతో ఒంటరిగా చిక్కుకుంది. రెండు రోజుల్లో సుమారు 5,500 మంది చనిపోవడమో, గాయపడటమో, కనిపించకుండా పోవడమో జరిగింది. మృతులు దాదాపు 2,000. ఉల్‌స్టర్‌లో వీధులకు వీధులు ఒకే రోజున విషాదంలో మునిగాయి. సెప్టెంబర్‌లో అదే సొమ్ రంగంలో గియెమాన్, జాన్షీ అనే ఊళ్ళను పట్టుకునే పోరులో 16వ డివిజన్ పది రోజుల్లోపే 4,300 మందికి పైగా నష్టపోయింది. ఆ నష్టాల తర్వాత రెండు డివిజన్లనూ ఉత్తరానికి, బెల్జియంలోని ఈప్ర్ నగరానికి దక్షిణంగా ఉన్న రంగానికి పంపి పక్కపక్కనే నిలిపారు.

ఎనిమిది నెలలకు పైగా సాగిన ఆ ఇరుగుపొరుగు కాలమే అసలు మార్పు తెచ్చింది. ఒక దళం కందకం ఖాళీ చేస్తే పక్కదళం ప్రాణం మీదికొస్తుంది కనుక ఎవరి పని ఎవరు ఎలా చేస్తున్నారన్నది రెండువైపులా రోజూ తెలిసేది. విరామ స్థలాలు, దారులు, వంటశాలలు, ఆటస్థలాలు దగ్గరదగ్గరగా ఉండేవి. 1917 వసంతంలో కన్నాట్ రేంజర్స్ 6వ బెటాలియన్ వారు ఉల్‌స్టర్ డివిజన్‌లోని ఒక బెటాలియన్‌తో ఫుట్‌బాల్ ఆడారు. చూడటానికి రెండువేల మంది దాకా వచ్చారని బెటాలియన్ కమాండర్ రోలండ్ ఫీల్డింగ్ తన భార్యకు రాసిన ఉత్తరాల్లో ఉంది. శత్రువుతో చెలిమి చేసినందుకు మనల్ని శిక్షిస్తారేమోనని ఒక సైనికుడు చమత్కరించాడని కూడా ఆ ఉత్తరంలో ఆయన రాశాడు. ఆ చమత్కారంలో శత్రువంటే జర్మన్లు కాదు, ఉల్‌స్టర్ వారే. పాత వైరం అందరికీ గుర్తుందని, అయితే అది నవ్వుకోగలిగినంతగా పలుచబడిందని ఇంతకన్నా బాగా చూపించే సాక్ష్యం దొరకడం కష్టం.

ఈ మార్పులో ఒక నిర్మాణపరమైన అంశం కూడా ఉంది. 1916లో బ్రిటన్‌లో నిర్బంధ భర్తీ మొదలైనా దాన్ని ఐర్లండ్‌కు వర్తింపజేయలేదు. ఐర్లండ్‌లో స్వచ్ఛంద భర్తీ తగ్గిపోయింది. అందువల్ల రెండు ఐరిష్ డివిజన్లలో ఏర్పడిన ఖాళీలను క్రమంగా ఇంగ్లండ్ నుంచి వచ్చినవారితో నింపాల్సివచ్చింది. 1914లో ఒకే వర్గం, ఒకే ఊరు అన్నట్టున్న దళాలు 1917 నాటికి అలా లేవు. దళాల స్వచ్ఛత తగ్గడం వల్ల కూడా పట్టింపులు కొంత సడలాయన్నది పరిగణించాల్సిన విషయమే.

1917 జూన్ 7

మెసీన్ గుట్టపై దాడి ఆ యుద్ధంలోని అత్యంత పకడ్బందీ చర్యల్లో ఒకటి. గుట్ట కింద నెలల తరబడి తవ్విన సొరంగాల్లో అమర్చిన 19 భారీ మందుపాతరలను తెల్లవారుజామున 3.10 గంటలకు పేల్చారు. వాటిలోని పేలుడు పదార్థం సుమారు 450 టన్నులు. ముందుగా గుట్ట నమూనాను నేల మీద పెద్దగా తయారుచేసి అధికారులకు చూపించారు, వెనుక పొలాల్లో దాడిని సాధన చేయించారు. 16వ డివిజన్ ఎడమవైపు, 36వ డివిజన్ దానికి ఆనుకుని కుడివైపు కదిలి, మధ్యాహ్నానికల్లా వైత్‌స్ఖాతె గ్రామాన్నీ దాని చుట్టుపక్కల నేలనూ పట్టుకున్నాయి. స్పాన్‌బ్రూక్‌మోలెన్ దగ్గరి మందుపాతర కొన్ని సెకన్లు ఆలస్యంగా పేలడంతో అప్పటికే ముందుకు ఉరికిన 36వ డివిజన్ సైనికుల్లో కొందరు ఆ శిథిలాల కిందే చనిపోయారు. వారి సమాధులు ఆ దగ్గర్లోనే, లోన్ ట్రీ శ్మశానంలో ఉన్నాయి.

ఆ రోజు ఘటనల్లో ఎక్కువగా చెప్పుకునేది విలీ రెడ్‌మండ్ మరణం. జాన్ రెడ్‌మండ్ తమ్ముడైన ఆయన ఈస్ట్ క్లేర్ ఎంపీ, వయసు 56. అంత వయసులో ముందు వరుసలో ఉండాల్సిన అవసరం లేకున్నా పట్టుబట్టి దాడిలో పాల్గొన్నాడు. అదే ఏడాది మార్చిలో పార్లమెంటులో మాట్లాడుతూ ఉత్తర దక్షిణాల సైనికులు కందకాల్లో కలిసి ఉన్నట్టే దేశం కూడా కలిసి ఉండేలా చూడమని ఆయన ప్రభుత్వాన్ని కోరాడు. గాయపడి పడిపోయిన ఆయన్ని గుర్తించి చికిత్స చేసింది ఉల్‌స్టర్ డివిజన్‌కు చెందిన జాన్ మీక్ అనే స్ట్రెచర్ బేరర్. యుద్ధానికి ముందు మీక్ ఉల్‌స్టర్ వాలంటీర్ ఫోర్స్ సభ్యుడు. రెడ్‌మండ్‌కు కట్టు కడుతూ అతనూ గాయపడ్డాడు. రెడ్‌మండ్ అదే రోజు 36వ డివిజన్ వైద్య సిబ్బంది సంరక్షణలో మరణించాడు. లోకర్ గ్రామంలోని సన్యాసినుల మఠం తోటలో జరిగిన అంత్యక్రియల్లో రెండు డివిజన్ల సైనికులూ గౌరవ వందనం చేశారు.

ఈ ఘటనను ఐక్యతకు ప్రతీకగా చెప్పడం సహజమే. కానీ దాని పర్యవసానాన్ని వదిలేస్తే బొమ్మ సగమే గీసినట్టవుతుంది. రెడ్‌మండ్ మరణంతో ఖాళీ అయిన ఈస్ట్ క్లేర్ స్థానానికి జూలై 10న ఉపఎన్నిక జరిగింది. ఆయన పార్టీ అభ్యర్థికి 2,035 ఓట్లు వచ్చాయి. ఈస్టర్ తిరుగుబాటులో పాల్గొని జైలు నుంచి అప్పుడే విడుదలైన ఏమన్ డి వలేరాకు 5,010 ఓట్లు పడ్డాయి. మెసీన్ విజయానికీ ఈ ఫలితానికీ మధ్య ఉన్న వ్యవధి ఐదు వారాలు కూడా కాదు.

అదే ఏడాది ఆగస్టు 16న లాంగెమార్క్ పోరులో రెండు డివిజన్లూ మళ్ళీ పక్కపక్కనే నిలిచి, బురదలో, జర్మన్ కాంక్రీటు స్థావరాల ముందు చితికిపోయాయి. ఆ నెలలో రెండూ కలిపి సుమారు 7,800 మందిని నష్టపోయాయి. ఆ సైన్యాన్ని నడిపిన జనరల్ హ్యూబర్ట్ గఫ్ వైఫల్యానికి ఐరిష్ సైనికులనే తప్పుపట్టాడు. 1914లో ఉల్‌స్టర్ మీదికి వెళ్ళబోమన్న కర్రా అధికారుల బృందానికి నాయకుడు కూడా ఈ గఫ్‌యే కావడం జాతీయవాదులకు గుర్తుండిపోయింది. 1918 మార్చిలో జర్మన్ దాడికి 16వ డివిజన్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. దాన్ని పునర్నిర్మించినప్పుడు అందులో ఐరిష్ స్వభావం పేరుకే మిగిలింది.

ఇంటి దగ్గర మారిన గాలి

సైనికులు దూరంగా ఉన్న నాలుగేళ్ళలో ఐర్లండ్ రాజకీయం వారు వదిలివెళ్ళిన చోట ఆగలేదు. ఈస్టర్ తిరుగుబాటు జరిగినప్పుడు డబ్లిన్ ప్రజల్లో దానికి పెద్దగా మద్దతు లేదు. 1916 మే 3 నుంచి 12 వరకు విడతలవారీగా తిరుగుబాటుదారుల్లో 15 మందిని బ్రిటిష్ అధికారులు కాల్చిచంపడంతో ఆ అభిప్రాయం తిరగబడింది. 1918 ఏప్రిల్‌లో ఐర్లండ్‌కు కూడా నిర్బంధ భర్తీని వర్తింపజేసే చట్టం తెచ్చినప్పుడు కాథలిక్ చర్చి, కార్మిక సంఘాలు, జాతీయవాద పార్టీలన్నీ ఒక్కటై ఎదిరించాయి. ఆ భర్తీ అమలు కాలేదు, కానీ జాన్ రెడ్‌మండ్ రాజకీయానికి అదే చావుదెబ్బ. డిసెంబర్ ఎన్నికల్లో 105 స్థానాల్లో 73 బ్రిటన్ నుంచి పూర్తి స్వాతంత్ర్యం కోరిన షిన్ ఫేన్ పార్టీ గెలుచుకుంది. రెడ్‌మండ్ పార్టీకి దక్కినవి 6. ఆయన మాత్రం ఆ ఓటమిని చూడకుండానే 1918 మార్చిలో కన్నుమూశాడు.

అంటే హోం రూల్ కోసం యుద్ధానికి వెళ్ళిన సైనికుడు తిరిగొచ్చేసరికి హోం రూల్ అడిగేవారే లేరు. అతని ఊరి దృష్టిలో అతను ఇప్పుడు శత్రువు యూనిఫాం వేసుకున్నవాడు. ఉల్‌స్టర్ సైనికుడి పరిస్థితి దీనికి భిన్నం: సొమ్ త్యాగం అతని వర్గానికి పవిత్ర స్మృతి అయింది, అతనికి ఊళ్ళో గౌరవం పెరిగింది. అయితే ఆ వర్గంలో కూడా అందరికీ ఆశించినది దక్కలేదు. ఐర్లండ్‌ను విభజించిన 1920 చట్టంతో ఏర్పడిన ఉత్తర ఐర్లండ్‌లో చేర్చింది ఆరు జిల్లాలనే. 36వ డివిజన్‌కు సైనికులను పంపిన డోనెగల్, కావన్, మోనహన్ జిల్లాలు సరిహద్దుకు అవతల, డబ్లిన్ పాలనలోకి వెళ్ళిపోయాయి. డివిజన్ కమాండర్ ఆలివర్ న్యూజెంట్ సొంత జిల్లా కావన్ కూడా వాటిలో ఒకటి.

యుద్ధానుభవం ఎటువైపు పనిచేసింది

సైనిక అనుభవం మనిషిని ఫలానా రాజకీయం వైపే నడిపిస్తుందన్న అంచనా ఐర్లండ్‌లో నిలవలేదు. జాన్షీ పోరులో డబ్లిన్ ఫ్యూజిలియర్స్ అధికారిగా పతకం పొందిన ఎమెట్ డాల్టన్ తిరిగొచ్చి, బ్రిటిష్ పాలనపై పోరాడిన ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీలో శిక్షకుడయ్యాడు, తర్వాత దక్షిణాన ఏర్పడిన ఐరిష్ స్వేచ్ఛా రాజ్య సైన్యంలో జనరల్ అయ్యాడు. మెసపొటేమియాలో బ్రిటిష్ ఫిరంగి దళంలో పనిచేసిన టామ్ బారీ కార్క్ జిల్లాలో బ్రిటిష్ దళాలపై గెరిల్లా పోరు నడిపాడు. ఉత్తరాన మాజీ ఉల్‌స్టర్ సైనికులు పెద్ద సంఖ్యలో 1920లో ఏర్పడిన ప్రత్యేక పోలీసు దళంలో చేరారు. అదే ఏడాది జూలైలో బెల్‌ఫాస్ట్ ఓడల తయారీ కేంద్రాల నుంచి వేలాది కాథలిక్ కార్మికులను తరిమేసినప్పుడు వారిలో అదే యుద్ధం చేసివచ్చిన మాజీ సైనికులు కూడా ఉన్నారు. కందకాల్లో చేసిన సేవ వారిని కాపాడలేదు. అదే వేసవిలో పంజాబ్‌లోని జలంధర్‌లో ఉన్న కన్నాట్ రేంజర్స్ 1వ బెటాలియన్ సైనికులు ఐర్లండ్‌లో బ్రిటిష్ దళాల ఆగడాలకు నిరసనగా ఆయుధాలు దించేశారు. అదే బెటాలియన్‌కు చెంది, సోలన్ శిబిరంలో తిరగబడిన జేమ్స్ డేలీని నవంబర్ 2న దగ్‌షాయిలో కాల్చిచంపారు.

1922 జూన్ 22న లండన్‌లో ఫీల్డ్ మార్షల్ హెన్రీ విల్సన్ హత్య జరిగింది. ఆయన యుద్ధకాలంలో సైన్యాధిపతి, తర్వాత యూనియనిస్టు ఎంపీ. ఆ రోజు ఒక రైల్వే స్టేషన్‌లో యుద్ధ మృతుల స్మారకాన్ని ఆవిష్కరించి ఇంటికొచ్చాడు. గుమ్మం ముందే ఆయన్ని కాల్చిన ఇద్దరూ బ్రిటిష్ సైన్యంలో ఆ యుద్ధం చేసినవారే. వారిలో ఒకరు ఈప్ర్‌లో కాలు పోగొట్టుకున్నవాడు.

వీటిని బట్టి చూస్తే సైన్యం నేర్పేది ఆయుధ నైపుణ్యం, క్రమశిక్షణ, పక్కవాడిపై నమ్మకం. వాటిని ఏ లక్ష్యానికి వాడాలన్నది తిరిగొచ్చిన ఊరు నిర్ణయిస్తుంది.

కలయిక ఎప్పుడు పనిచేస్తుంది

వేర్వేరు వర్గాల మధ్య సాన్నిహిత్యం వైరాన్ని ఎప్పుడు తగ్గిస్తుందన్న ప్రశ్నపై మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో నాలుగు షరతులు చెప్పాడు: సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, పైస్థాయి వ్యవస్థల మద్దతు. మెసీన్ రంగంలో మొదటి మూడూ ఉన్నాయి, సైనిక వ్యవస్థ లోపల నాలుగోది కూడా ఉంది. 1919 నాటి ఐర్లండ్‌లో నాలుగింటిలో ఒక్కటీ లేదు.

అమెరికా అనుభవం ఇందుకు మంచి పోలిక. 1945 మొదట్లో పదాతి దళంలో మనుషుల కొరత ఏర్పడి, అప్పటిదాకా విడిగా ఉంచిన నల్లజాతి సైనికుల ప్లటూన్లను తెల్లజాతి కంపెనీలకు జతచేశారు. తర్వాత జరిపిన సర్వేలో, అలాంటి ప్లటూన్లు లేని దళాల తెల్ల సైనికుల్లో 62 శాతం మంది ఈ ఏర్పాటు తమకు బొత్తిగా నచ్చదన్నారు. నిజంగా ఒకే కంపెనీలో కలిసి పోరాడినవారిలో ఆ మాట అన్నది 7 శాతమే. యుద్ధం ముగిశాక ఆ కలయిక కూడా చెదిరిపోయింది. కానీ 1948లో అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో సమానతకు ఆదేశం ఇవ్వడంతో, కొరియా యుద్ధ కాలంలో అది అమల్లోకి రావడంతో సైన్యం మటుకు నిలకడగా మారింది. సైన్యం బయటి అమెరికాలో చట్టపరమైన వేర్పాటు మాత్రం 1960ల దాకా సాగింది. ఐర్లండ్‌కు అమెరికాకు ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటంటే, అమెరికాలో యుద్ధం తర్వాత కూడా అదే సైన్యం కొనసాగి, ఆ ఆదేశంతో ఉమ్మడిగా మారింది. ఐర్లండ్‌లో ఆ డివిజన్లు రద్దయ్యాయి. దక్షిణాది పాత రెజిమెంట్లను కూడా 1922లో రద్దు చేశారు.

భారత సైన్యం: కలిపి ఉంచి, విడదీసిన కథ

1857 తర్వాత బ్రిటిష్ ఇండియా సైన్యం ఐర్లండ్ పద్ధతికి భిన్నమైన దారి పట్టింది. చాలా రెజిమెంట్లలో ఒక్కో కంపెనీని ఒక్కో వర్గంతో నింపి, ఆ కంపెనీలన్నిటినీ ఒకే బెటాలియన్‌లో ఉంచారు. సిక్కుల కంపెనీ, పంజాబీ ముస్లింల కంపెనీ, డోగ్రాల కంపెనీ ఒకే జెండా కింద పనిచేశాయి. వర్గాలు ఒకటై తిరగబడకుండా చూడటం ఈ ఏర్పాటు ఉద్దేశాల్లో ఒకటి అయినా, దాని ఫలితంగా రెండు ప్రపంచ యుద్ధాల్లో హిందూ, ముస్లిం, సిక్కు సైనికులు బెటాలియన్ స్థాయిలో కలిసే బతికారు. ఐర్లండ్‌లో కలయిక డివిజన్ల మధ్య పొరుగుతనంగా ఉంటే, ఇక్కడ ఒకే దళం లోపలి సహజీవనంగా ఉంది.

అయినా 1947లో ఆ బెటాలియన్లను కంపెనీలవారీగా విడదీశారు. పాకిస్తాన్ ప్రాంతాలకు చెందిన ముస్లిం సైనికులకు భారత్‌ను ఎంచుకునే వీలు, భారత ప్రాంతాల ముస్లిమేతరులకు పాకిస్తాన్‌ను ఎంచుకునే వీలు ఇవ్వలేదు. పంజాబ్‌లో మారణకాండను ఆపడానికి ఆగస్టు 1న మేజర్ జనరల్ రీస్ నాయకత్వంలో మిశ్రమ దళాలతో ఏర్పడిన సరిహద్దు దళాన్ని నెల తిరిగేసరికి రద్దు చేశారు. ఆ సైనికుల్లో చాలామంది కుటుంబాలు హింస జరుగుతున్న జిల్లాల్లోనే ఉండటం, రెండు కొత్త ప్రభుత్వాలూ ఆ దళాన్ని తమదిగా చూడకపోవడం దాని మీద మోయలేని ఒత్తిడి పెట్టాయి. అదే ఏడాది చివరికి పాత సహచరులు కశ్మీర్‌లో ఎదురెదురు నిలిచారు. బలూచ్ రెజిమెంట్‌లో పెరిగి భారత సైన్యాన్నే ఎంచుకున్న బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ 1948 జూలై 3న ఝంగర్‌లో ఫిరంగి గుండుకు బలయ్యాడు. ఉస్మాన్ లాంటివారి నిర్ణయం విలువ తక్కువది కాదు. కానీ దళం లోపలి నమ్మకం ఎంత లోతైనదైనా, రాజ్యాలే విడిపోయినప్పుడు దాన్ని నిలబెట్టే శక్తి సైనికుల చేతుల్లో లేదన్నది రెండు దేశాల అనుభవమూ చెబుతున్నది.

స్మృతిని ఎవరు ఉంచుకున్నారు

యుద్ధం తర్వాత ఐర్లండ్‌లో జ్ఞాపకం కూడా రెండుగా చీలింది. తియెప్‌వాల్‌లో ఉల్‌స్టర్ గోపురాన్ని 1921 నవంబర్‌లోనే ఆవిష్కరించారు. డబ్లిన్‌లోని ఐలండ్‌బ్రిడ్జ్ వద్ద జాతీయ స్మారక ఉద్యానానికి రూపకల్పన చేసింది ఢిల్లీ ఇండియా గేట్ రూపకర్త ఎడ్విన్ లుట్యెన్స్. దాన్ని కట్టిన కూలీల్లో సగం మందిని బ్రిటిష్ సైన్యపు మాజీ సైనికుల నుంచి, సగం మందిని ఐరిష్ జాతీయ సైన్యపు మాజీ సైనికుల నుంచి తీసుకున్నారు. 1930ల చివరికి పని పూర్తయినా, అధికారిక ప్రారంభం మాత్రం 1988 దాకా జరగలేదు. మధ్యలో దశాబ్దాల పాటు ఆ తోటను పట్టించుకున్నవారు లేరు. దక్షిణాది కుటుంబాల్లో చాలామంది తాతల పతకాలను పెట్టెల అడుగున దాచారు.

మార్పు మొదలైంది ఉత్తర ఐర్లండ్ హింస శాంతి చర్చలకు దారితీసిన కాలంలో. శాంతి ఒప్పందం కుదిరిన 1998లోనే, నవంబర్ 11న, మెసీన్‌లో ఐర్లండ్ ద్వీప శాంతి ఉద్యానాన్ని ఐరిష్ అధ్యక్షురాలు మేరీ మెకలీస్, ఎలిజబెత్ రాణి, బెల్జియం రాజు ఆల్బర్ట్ కలిసి ప్రారంభించారు. దాని వెనుక పనిచేసిన ఇద్దరిలో పాడీ హార్ట్ దక్షిణాది రాజకీయ నాయకుడు, గ్లెన్ బార్ ఉత్తరాది యూనియనిస్టు. 2011లో రాణి ఐలండ్‌బ్రిడ్జ్‌లో పుష్పగుచ్ఛం ఉంచింది. గమనించాల్సిన క్రమం ఇది: ఉమ్మడి సైనిక స్మృతి రాజకీయ ఒప్పందాన్ని తేలేదు, ఒప్పందానికి దారి ఏర్పడ్డాకే, ఎనభై ఏళ్ళ ఆలస్యంగా, ఆ స్మృతి పనికొచ్చింది.

భారతదేశంలో అగ్నిపథ్ పథకం కింద 2022 నుంచి భర్తీని అన్ని ప్రాంతాల, అన్ని వర్గాల ప్రాతిపదికన జరుపుతామని ప్రభుత్వం ప్రకటించినప్పటి నుంచి, వర్గాల పేరిట ఉన్న రెజిమెంట్లను కలిపేయడం మంచిదా కాదా అన్న చర్చ సాగుతున్నది. ఆ చర్చ ఎక్కువగా దళం లోపలి పోరాట సామర్థ్యం చుట్టూ తిరుగుతుంది. అదే పథకంలో నాలుగేళ్ళ తర్వాత గరిష్ఠంగా నాలుగోవంతు మందినే కొనసాగిస్తారు. మిగిలినవారు పాతికేళ్ళ ప్రాయంలో సొంత ఊళ్ళకు, సొంత వర్గాల మధ్యకు, సొంత ఊరి తగాదాల మధ్యకు తిరిగివస్తారు. తొలి బృందాల గడువు 2026 చివర్లో మొదలుకొని ముగుస్తుంది. ఐర్లండ్ చరిత్ర నుంచి ఈ చర్చలోకి తెచ్చుకోదగిన ప్రశ్న రెజిమెంట్ కూర్పు గురించినది కాదు. తిరిగొచ్చిన మాజీ సైనికులకు దొరికే ఉపాధి ఏమిటి, ఊళ్ళో వారికి ఉండే హోదా ఏమిటి, వేర్వేరు వర్గాల మాజీ సైనికులు మళ్ళీ కలుసుకోవడానికి ఏ సంఘం, ఏ కార్యాలయం, ఏ వేదిక ఉంటుందన్నది ఆ ప్రశ్న.